గని నోరు మూసే ముందు నీటి దారి తెలుసుకోండి
(పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు)

పాత గనుల గురించి, వదిలేసిన క్వారీ గోతుల గురించి విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలు కొంతకాలంగా చేరుతున్నాయి. ఒకే విషయాన్ని అడిగినవాటిని కలిపి, ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం. మొదటి ఉత్తరానికి సమాధానం కొంత పెద్దదైంది. అందులోని ప్రశ్న అనేక ఊళ్ళకు చెందినది కనుక కుదించడానికి మనసొప్పలేదు.

ప్రశ్న: మా ఊరి పైన కొండవాలులో, తాతల కాలంలో అభ్రకం కోసం తవ్వి వదిలేసిన సొరంగం ఒకటి ఉంది. లోపలి నుంచి ఏడాది పొడవునా సన్నగా నీరు వస్తూ కింద గెడ్డలో కలుస్తుంది. సొరంగానికి కాస్త పైన ముళ్ళకంప కప్పేసిన నిలువు గొయ్యి కూడా ఉంది. పోయిన ఏడాది ఒక మేక అందులో పడిపోయింది. సెలవుల్లో బడి పిల్లలు అటువైపు వెళ్తున్నారు. సొరంగానికి రాతి గోడ కట్టేసి, గోతిని చెత్తా చెదారంతో పూడ్చేద్దామని ఊరి పెద్దలు అంటున్నారు. అలా చేయవచ్చునా?
(ఒక ఉపాధ్యాయురాలు, అనంతగిరి మండలం)

జవాబు: అమ్మా, మీ పెద్దల ఆందోళన న్యాయమైనదే. మేక పడిన చోట రేపు పిల్లవాడు పడడని ఎవరూ చెప్పలేరు. అందువల్ల గోతి చుట్టూ, అంచుకు కనీసం నాలుగైదు గజాల దూరంలో, ఈ వారంలోనే ముళ్ళకంచె వేయించండి. అంచుకు ఆనించి మాత్రం వేయవద్దు, ఎందుకంటే పాత గోతుల అంచుల కింద మట్టి జారిపోయి, పైన గడ్డితో కూడిన పలుచని పెంకు మాత్రమే మిగిలి ఉండవచ్చు. కంచె పాతే మనిషే ముందుగా అందులోకి జారే ప్రమాదం ఉంటుంది.

గోడ విషయంలో మాత్రం తొందరపడవద్దని నా గట్టి మనవి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇలాంటి గోడ ఒకటి నేను స్వయంగా చూశాను. ఊరిపేరూ సంస్థపేరూ ఇక్కడ అవసరం లేదు. చక్కని రాతి కట్టుబడి, పైన నున్నని సిమెంటు పూత, మధ్యలో తేదీ చెక్కిన పలక. అడుగున నీరు పోవడానికి బెత్తెడు రంధ్రం కూడా వదలలేదు. మొదటి వానాకాలం తర్వాత వెళ్ళినప్పుడు రాళ్ళ అతుకుల వెంట తెల్లని చారలు దిగి ఉన్నాయి, వేలితో తాకితే సున్నంలా అంటుకున్నాయి. లోపలి నీరు సిమెంటులోని సున్నాన్ని కరిగించుకుని బయటికి వస్తోందని దాని అర్థం. నివేదికలో రాశాను, కానీ దానిపై చర్య తీసుకునేలా చేయలేకపోయాను. ఆ మరుసటి ఏడాది, మూడు రోజులు ఎడతెగకుండా కురిసిన వానకు, ఒక రాత్రి గోడ బద్దలై, లోపల నిలిచిన నీరూ బురదా ఒక్కసారిగా కిందికి దూకాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు. కింద ఉన్న సామ చేను, ఇంకా కాపుకు రాని జీడితోట రాళ్ళ కింద పూడిపోయాయి. ఆ చేను గిరిజన దంపతులది. మర్నాడు వాళ్ళిద్దరూ గట్టు మీద నిలబడి, ఒక్క మాటా అనకుండా చూస్తున్న దృశ్యం నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఎందుకలా జరిగిందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. సొరంగం నోరు 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు అనుకోండి. గోడ వెనుక, కొండ లోపలి పగుళ్ళలో, నీరు 10 మీటర్ల ఎత్తుకు చేరితే ప్రతి చదరపు మీటరుపైనా సుమారు 10 టన్నుల ఒత్తిడి పడుతుంది. అంటే ఆ గోడ మీద మొత్తం 40 టన్నులు. నిండా ఇసుక పోసుకున్న పది టైర్ల లారీ కంటే ఎక్కువ బరువు పగలూ రాత్రీ ఆ గోడను నెడుతూ ఉంటుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 2015 ఆగస్టు 5న గోల్డ్ కింగ్ అనే పాత బంగారు గని వద్ద శుద్ధి ఏర్పాట్ల కోసం నోరు తవ్వుతుండగా, లోపల నిలిచిన నీటి ఒత్తిడిని తక్కువగా అంచనా వేసినందువల్ల, కోటి లీటర్లకు పైగా లోహాలు కలిసిన నీరు బయటికి తన్నుకొచ్చి ఆనిమస్ నదిని పసుపుపచ్చగా మార్చేసింది. ఆ పని చేయిస్తున్నది అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థే. అంతటి సంస్థ తప్పిన అంచనా మన ఊళ్ళో మేస్త్రీ ఒక్కడి వల్ల అవుతుందని ఆశించడం న్యాయం కాదు.

మీ ఊరి సొరంగం విషయంలో మరో సంగతి కూడా ఆలోచించాలి. అనంతగిరి కొండల నీరు ఆ కొండలతో ఆగదు. బొర్రా గుహల దగ్గర పుట్టే గోస్తనీ నది తాటిపూడి జలాశయానికి చేరి, అక్కడి నుంచి విశాఖ నగరానికి తాగునీరవుతుంది. మీ సొరంగం నీరు గోస్తనిలోకే పోతుందా, మరో వాగులోకి పోతుందా అన్నది పటం చూస్తే తేలుతుంది. ఎటు పోయినా, ఆ ఊట మూసుకుపోతే కింది గెడ్డ మీద ఆధారపడిన పొలాలు ఎండిపోవచ్చు, లేదా నీరు కొండలో మరో బలహీనమైన చోటును వెతుక్కుని ఇళ్ళ వెనుక తేలవచ్చు. నీటి రంగు కూడా చూడండి. తుప్పు రంగు మడ్డి పేరుకుంటుంటే పరీక్ష చేయించాలి. ఎర్రరాయి ఉన్న చోట ఇనుము వల్ల అలా రావడం మామూలే అయినా, లోపల గంధకంతో కూడిన ఖనిజాలుంటే గాలి, నీరు తగిలి ఆమ్లం తయారవుతుంది. ఆ నీరు పొలానికీ పశువుకూ పనికిరాదు.

ఇక మూసే పద్ధతి. మన తూర్పు కనుమలలో ఎక్కువగా ఉండేది ఖోండలైటు రాయి. ఈ కొండల్లో నివసించే ఖోండుల పేరు మీదుగానే భూగర్భ శాస్త్రవేత్తలు దానికి ఆ పేరు పెట్టారు. లోపల ఎంత గట్టిగా ఉన్నా, ఎండకూ వానకూ తగిలిన పైభాగం పొరలు పొరలుగా విడిపోయి, వేళ్ళతో నలిపితే తెల్లమట్టిలా పొడి అవుతుంది. సొరంగాల నోళ్ళు సాధారణంగా ఈ కుళ్ళిన రాతిలోనే ఉంటాయి. అక్కడ గోడ ఎంత బలంగా కట్టినా దానికి పట్టు దొరకదు. అనుభవం ఉన్న గని ఇంజినీరు ముందుగా నోటి దగ్గర వదులుగా వేలాడే రాళ్ళను దించి, దుంగలతో గానీ ఇనుప కమానులతో గానీ పైకప్పుకు ఊతమిచ్చి, గట్టి రాయి తగిలే వరకు కొద్ది మీటర్లు లోపలికి వెళ్ళి, పక్క గోడల్లోనూ అడుగునా గాడి తీసి, ఆ గాడిలోకి దిగేలా కట్టుబడి కట్టిస్తాడు. అడుగున వానాకాలపు ప్రవాహానికి కూడా సరిపోయే గొట్టం పెడతారు. గొట్టం లోపలి కొసన పెద్ద రాళ్ళు, చిన్న రాళ్ళు వరుసగా పేర్చి మట్టి చేరకుండా చేస్తారు. బయటి కొసన వంపు తిప్పి ఎప్పుడూ నీరు నిలిచేలా ఉంచితే గాలి లోపలికి పోదు, ఆమ్లం తయారవడమూ తగ్గుతుంది. ఏడాదికొకసారి ఎవరో ఒకరు వెళ్ళి గొట్టంలో ఆకులూ పూడికా తీయాలి. ఆ ఒకరు ఎవరన్నది పని మొదలయ్యే ముందే కాగితం మీద రాసుకోండి. ఇలాంటి పనులు చెడిపోవడం నేను చూసినంతలో సాంకేతిక లోపం కంటే ఈ ఒక్కటి తేల్చుకోకపోవడం వల్లే ఎక్కువ.

అయితే గోడ కట్టే ముందు ఒక సాయంత్రం, చీకటి పడే వేళకు, నోటికి దూరంగా పక్కన కూర్చుని చూడండి. గబ్బిలాలు బయటికి వస్తున్నాయా? వస్తుంటే ఆ సొరంగాన్ని గోడతో మూయకూడదు. పురుగులను తినే గబ్బిలాలు చేలకు చేసే మేలు మీ ఊరి రైతులకు తెలిసే ఉంటుంది. మనిషి ప్రవేశించలేని, గబ్బిలం ఎగిరి పోగల ఇనుప కటకటాలు పెట్టే పద్ధతి చాలా దేశాల్లో స్థిరపడింది. అడ్డంగా బిగించిన కమ్మీల మధ్య సుమారు 146 మిల్లీమీటర్ల సందు వదులుతారు. కొన్ని జాతులు ఈ కమ్మీల మధ్య నుంచి వెళ్ళడానికి ఇష్టపడవు కాబట్టి, గబ్బిలాల మీద పనిచేసేవారు చూసిన తర్వాతే నిర్ణయించాలి. కర్ణాటకలోని కోలారు ప్రాంతంలో కోలార్ ఆకుముక్కు గబ్బిలం అనే జాతి ప్రపంచంలో ఒకే ఒక గుహలో బతుకుతోందని తెలిసినప్పుడు, ఒక కొండరంధ్రాన్ని మూయడమంటే ఎంత పెద్ద నిర్ణయమో అర్థమవుతుంది. ఒక సాయంత్రం కనిపించలేదని లేవనుకోకండి. కొన్ని జాతులు కొన్ని నెలల్లోనే వస్తాయి. ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి చూడాలి.

నిలువు గోతిలో చెత్త వేయడం అన్నిటికంటే ప్రమాదకరం. కొమ్మలు, పాత తాటాకులు, ప్లాస్టిక్ మూటలు సగం దారిలో ఎక్కడో ఇరుక్కుంటాయి. పైనుంచి చూస్తే గొయ్యి నిండినట్టే ఉంటుంది, కింద మాత్రం ఖాళీ అలాగే ఉంటుంది. కొయ్య కుళ్ళిన రోజున అది ఒక్కసారిగా కూలుతుంది, అప్పటికి దాని మీద గడ్డి మొలిచి దారి కూడా పడి ఉండవచ్చు. చెత్త ఊటనీటిని పాడుచేస్తుందని వేరే చెప్పనక్కరలేదు. పూడ్చాలంటే అడుగున పెద్ద బండలు, వాటి మీద క్రమంగా చిన్న రాళ్ళు, పైన బంకమట్టి వేసి, చివర నేలమట్టానికి కొంత ఎత్తుగా దిబ్బ చేయాలి. రెండు మూడు వానాకాలాల్లో అది కుంగుతుంది, కుంగినప్పుడల్లా మళ్ళీ నింపాలి. పూడ్చడానికి వీలుపడనంత లోతైతే ఇనుప కడ్డీల కాంక్రీటు పలక వేస్తారు. దాని వెడల్పు గోతి వెడల్పుకు కనీసం రెండింతలు ఉండాలన్నది ఇంజినీర్లు పాటించే నియమం. ఎందుకంటే అంచు రాయి కూలినా పలక గట్టి నేల మీదే ఆని ఉండాలి.

చివరగా, మూసిన చోటును గుర్తించకుండా మూయవద్దు. అక్షాంశ రేఖాంశాలు, లోతు, ఏ పద్ధతిలో ఎప్పుడు మూశారు అన్నవి పంచాయతీ రికార్డులోనూ గనుల శాఖ వద్దా ఉండాలి, ఆ చోట ఒక రాయి పాతాలి. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్నాలా బొగ్గుగనిలోకి పైనున్న పాత తవ్వకాల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 370 మందికి పైగా కార్మికులు మరణించారు. 2002 జూలైలో అమెరికాలోని క్వీక్రీక్ గనిలో తొమ్మిది మంది నీటిలో చిక్కుకుని, మూడు రోజులకు పైగా గడిచాక ప్రాణాలతో బయటపడ్డారు. పక్కనున్న పాత గని చివరి పటం వాళ్ళ చేతిలో లేక, నీరు నిండిన ఆ గనిలోకే వాళ్ళ తవ్వకం చొచ్చుకుపోయింది. పాత గని నీటి నిల్వ కాగితం మీద లేకపోతే, తర్వాతి తరంలో బోరు వేసేవాడికీ ఇల్లు కట్టేవాడికీ తెలిసే మార్గం లేదు.

ప్రశ్న: మూసివేత ఖర్చు ఎవరు భరించాలి? లీజుదారు ఎప్పుడో వెళ్ళిపోయాడు. పంచాయతీ దగ్గర డబ్బు లేదు.
(కె. వి. ఆర్., సబ్బవరం)

జవాబు: లీజు ఎప్పటిది, ఖనిజం ఏది అన్న రెండింటి మీద ఇది ఆధారపడుతుంది. ఇనుము, బాక్సైటు వంటి ‘పెద్ద ఖనిజాల’ గనులకు మూసివేత ప్రణాళిక 2003 నుంచి తప్పనిసరి. ఇప్పుడు అమలులో ఉన్న 2017 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమాల ప్రకారం గని మూయడానికి రెండేళ్ళ ముందే లీజుదారు తుది మూసివేత ప్రణాళికను సమర్పించాలి. మూసివేతకు హామీగా లీజుదారు చూపే పూచీ సొమ్మును 2021లో హెక్టారుకు ‘ఎ’ తరగతి (పెద్ద ఎత్తున తవ్వే) గనులకు 5 లక్షల రూపాయలకు, ‘బి’ తరగతి (మిగతా) గనులకు 3 లక్షల రూపాయలకు పెంచారు. లీజుదారు మూసివేత పనులు చేయకపోతే ఆ సొమ్ముతో చేయించవచ్చు. తవ్వకం పూర్తయిన నేలను పశుగ్రాసం, చెట్టూచేమా పెరిగే స్థితికి తిరిగి తేవాలన్న షరతును లీజుల్లో చేర్చాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఆదేశించింది కూడా.

అయితే అభ్రకం, క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, కాల్సైటు సహా 31 ఖనిజాలను 2015 ఫిబ్రవరిలో చిన్న ఖనిజాల జాబితాలోకి మార్చారు. వీటిలో అభ్రకం, క్వార్ట్జ్, ఫెల్‌స్పార్‌లను 2025 ఫిబ్రవరిలో తిరిగి పెద్ద ఖనిజాల్లోకి తెచ్చారు. రాతి క్వారీలు మొదటి నుంచీ చిన్న ఖనిజాలే. చిన్న ఖనిజాలకు రాష్ట్ర నియమాలు, పర్యావరణ అనుమతిలో రాసిన షరతులు వర్తిస్తాయి. మీ క్వారీకి ఇచ్చిన పర్యావరణ అనుమతి ప్రతిని సంపాదించి, అందులో తవ్వకం ముగిశాక ఏం చేయాలని రాశారో చదవండి. చాలామంది అసలు ఆ కాగితం అడగరు. లీజుదారు జాడ తెలియని పాత గోతులకు మిగిలే దారి జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి. 2015 చట్ట సవరణతో ఏర్పడిన ఈ నిధి గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసమే ఉద్దేశించినది. గ్రామసభ తీర్మానం, గోతి కొలతలు, ఫోటోలు, ప్రమాదాల వివరాలు జతచేసి కలెక్టరుకు ఇవ్వండి.

షెడ్యూల్డు ప్రాంతాల పాఠకులకు మరో మాట. ఇదే అనంతగిరి మండలం బొర్రా పరిసర గ్రామాల వివాదం మీదనే 1997 జూలై 11న సుప్రీంకోర్టు ‘సమత’ తీర్పు (ఆ పేరుగల స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులోది) వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదని చెప్పిన ఆ తీర్పులో, గనుల లాభంలో కనీసం 20 శాతాన్ని అక్కడి నీటి వనరులు, బడులు, ఆసుపత్రులు, పారిశుధ్యం, రవాణా కోసం శాశ్వత నిధిగా కేటాయించాలన్న మాట కూడా ఉంది. నీటి వనరులను మొదటగా చెప్పిన వాక్యమది. మీ అర్జీలో తప్పక ఉటంకించండి.

ప్రశ్న: మా ఊరి పక్క పాత రాతి క్వారీ గోతిలో నీరు నిలిచింది. దానిని పరిశ్రమల బూడిదతోనో, నగరపు కూల్చివేతల శిథిలాలతోనో నింపుతామని ఒకరు ముందుకొచ్చారు. ఒప్పుకోవచ్చునా?
(పేరు వద్దన్న పాఠకుడు, పరవాడ మండలం)

జవాబు: ఎవరో తెలియని వ్యక్తి ఏం తెస్తున్నాడో తెలియని లోడుకు ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోవద్దు. రాత్రివేళ వచ్చే ట్యాంకరు, డ్రమ్ములు అయితే వెంటనే కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయండి. రాతి గోతి అడుగు పగుళ్ళతో నిండి ఉంటుంది. అందులో పోసినది మీ బోరుబావిలోకి దిగడానికి మధ్యలో వడపోసే మట్టి పొర కూడా ఉండదు.

మీ మండలంలోనే 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రం ఉంది కనుక బూడిద ప్రతిపాదన రావడం సహజం. థర్మల్ కేంద్రాల బూడిదను పూర్తిగా వినియోగించాలని కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరు 31న ఇచ్చిన నోటిఫికేషన్ పాత గనుల గోతులను నింపడాన్ని కూడా ఒక మార్గంగా గుర్తించింది. దానికి అనుమతులు, నీటి పరీక్షలు కావాలి. బూడిదలో స్వల్ప మోతాదులో ఆర్సెనిక్, సెలీనియం వంటివి ఉంటాయి, నీటిమట్టం కింద వేస్తే అవి కరిగే వీలుంది. నా అభిప్రాయంలో ఇప్పటికే నీరు నిలిచిన గోతికి బూడిద తగదు. ఎండిన గోతికైతే చుట్టుపక్కల బావుల నీటిని ముందూ తర్వాతా పరీక్షించే షరతు మీద ఆలోచించవచ్చు. శుభ్రమైన ఇటుక, కాంక్రీటు ముక్కలు ఫరవాలేదు, కానీ వాటితోపాటు వచ్చే రంగు డబ్బాలు, రేకులు, థర్మాకోలు ఏరడానికి మనిషిని పెట్టాలి.

అసలు నింపడం తప్పనిసరేమీ కాదు. వానలు తగ్గాక నీటికి కటకటలాడే మండలంలో నీటి గోతి ఒక ఆస్తి. దానిలో ప్రమాదం నీరు కాదు, నిట్టనిలువు అంచు. ఊరి చెరువులో దిగేవాడికి కాలికింద నేల క్రమంగా లోతవుతుంది. క్వారీలో ఒక్క అడుగు తేడాలో పది మీటర్ల లోతు వస్తుంది, ఎక్కిరావడానికి పట్టు ఉండదు. వేసవి సెలవుల్లో పిల్లలు క్వారీల్లో మునిగిపోయిన వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. ఒకవైపు అంచును బండరాళ్ళతో, మట్టితో నింపి వాలుగా చేసి రేవులా దిద్దండి. మిగతా మూడు వైపులా పెద్ద బండలు వరుసగా పేర్చి, వాటి వెనుక ముళ్ళజాతి పొదలు పెంచండి. దోమల నివారణకు స్థానిక చేపలను వదలండి. క్వారీ గుంటలు మలేరియా దోమకు ఇష్టమైన చోట్లు.

ప్రశ్న: క్వారీ పక్కన పోసిన మట్టి, రాళ్ళ డంపు మీద మూడేళ్ళుగా మొక్కలు నాటుతున్నాం. ఒక్కటీ నిలవడం లేదు. ఏ చెట్టు వేయాలి?
(రైతు సంఘ సభ్యులు, అనకాపల్లి మండలం)

జవాబు: చెట్టు పేరు చెప్పడం తేలిక, కానీ మీ సమస్య చెట్టులో లేదనుకుంటాను. చచ్చిన మొక్కనొకదాన్ని జాగ్రత్తగా పీకి చూడండి. నేను ఇలాంటి డంపు మీద ఒకసారి చూసినప్పుడు, రెండేళ్ళ కానుగ మొక్క వేర్లు నర్సరీ సంచి ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. బయటి నేలలోకి ఒక్క వేరూ దిగలేదు. లారీలు తొక్కి తొక్కి డంపు పైభాగం సిమెంటు నేలలా గట్టిపడింది, గడ్డపార వేస్తే ఖణేల్మంది. మొక్క కుండలో బతికినట్టు ఆ గుంతలో బతికి, నీరు పోయడం ఆపిన వేసవిలో చచ్చిపోయింది.

అందువల్ల ముందు డంపు ఆకారం మార్చాలి. నిట్టనిలువుగా ఉన్న వాలును ఒక మీటరు ఎత్తుకు రెండు, మూడు మీటర్ల అడుగు వచ్చేలా పడుకోబెట్టాలి. ఎత్తు ఎక్కువైతే మధ్యలో మెట్లలాంటి బెంచీలు తీయాలి. పైనుంచి వచ్చే వాననీటిని డంపు మీదికి రానివ్వకుండా ఎగువన చుట్టు కాలువ, దిగువన రాతి అడ్డుగోడ, వాటి నుంచి బురద తేరుకునే గుంట కావాలి. డంపు కింద ఊట గానీ పాత గెడ్డ దారి గానీ ఉంటే ఈ పనులేవీ సరిపోవు, డంపునే కదిలించాలి. వేల్స్ దేశంలోని అబర్‌ఫాన్‌లో 1966 అక్టోబరు 21న ఊటల మీద పోసిన బొగ్గు వ్యర్థాల దిబ్బ జారి బడి మీద పడి 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చనిపోయారు. మీ డంపు దిగువన ఏముందో ఒకసారి నడిచి చూసి రండి.

పై పొరను గునపంతోనో యంత్రంతోనో గుల్ల చేసి, దొరికినంత పైమట్టి పరిచాక, మొదటి ఏడాది చెట్లు వద్దు. జనుము, పిల్లిపెసర, జీలుగ చల్లి అక్కడే కలియదున్నండి. వాలు మీద వట్టివేరు, కొండచీపురు గట్లు గట్లుగా నాటండి. కొండచీపురు మట్టిని పట్టుకోవడమే కాక ఏజెన్సీలో నలుగురికి రాబడి కూడా. రెండో ఏడాది తంగేడు, పాలకొడిశ, మోదుగ, కానుగ. ఆ తర్వాత నేరేడు, ఉసిరి, ఇప్ప, వెదురు. ఆస్ట్రేలియా తుమ్మ, సుబాబుల్, నీలగిరి త్వరగా పచ్చగా కనిపిస్తాయి, ఫోటోకు బాగుంటాయి. నేను మాత్రం వాటిని వద్దనే అంటాను. వాటి కింద వేరేదేదీ సరిగా మొలవదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు విశాఖ పరిసరాల్లో చెట్లు కూలిన తీరు చూసినవారు, ఒకే జాతి చెట్లను వరుసగా నిలబెట్టడం గురించి మళ్ళీ ఆలోచిస్తారు.

కాలం పడుతుందని నిరుత్సాహపడవద్దు. డెహ్రాడూన్, ముస్సోరి కొండల్లో సున్నపురాయి క్వారీలను మూయమని సుప్రీంకోర్టు 1985లో ఆదేశించేనాటికి ఆ కొండలు తెల్లగా బోడిగా ఉండేవి. మాజీ సైనికులతో కూడిన టెరిటోరియల్ ఆర్మీ పర్యావరణ దళం అక్కడ చిన్న చిన్న రాతి అడ్డుకట్టలు కట్టి, నీటిని నిలిపి, గడ్డి పొదలతో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి పనిచేసింది. ఇప్పుడక్కడ పచ్చదనం తిరిగి వచ్చింది.

ప్రశ్న: నర్సీపట్నం వైపు రంగురాళ్ళ కోసం తవ్విన పాత గోతుల్లోకి దిగి వీడియో తీయాలని మా మిత్రబృందం ఆలోచన. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
(ఒక విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: నాయనా, దిగవద్దు. జాగ్రత్తలు చెప్పి పంపగల పని కాదిది. గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతం. అది 16 శాతానికి పడిపోతే దీపం ఆరిపోతుంది, 10 శాతం లోపుకు పడితే మనిషి స్పృహ తప్పుతాడు. వాసన ఉండదు, ఉక్కిరిబిక్కిరి కూడా కాకపోవచ్చు. పాడుబావిలో పూడిక తీయడానికి దిగినవాడు పడిపోతే, కాపాడడానికి దిగిన అన్న, ఆపై తండ్రి ఒకరి వెనుక ఒకరు పోయిన కథలు మన పల్లెలన్నిటిలో ఉన్నాయి. అగ్గిపుల్ల వెలిగించి చూస్తామంటారేమో, మండే వాయువున్న చోట అదే ప్రాణం తీస్తుంది. రంగురాళ్ళ గోతులు దొంగచాటుగా, ఊతకర్రలు లేకుండా, మెత్తని మట్టిలో ఎలుక బొరియల్లా తవ్వినవి. తవ్వినవాళ్ళే వాటిలో పూడిపోయారు. మీ బృందానికి నిజంగా ఆసక్తి ఉంటే గోతుల స్థానాలను దూరం నుంచి పటం మీద గుర్తించి గనుల శాఖకు ఇవ్వండి. అది వీడియో కంటే ఎక్కువ మందికి పనికొస్తుంది.

ప్రశ్న: సొరంగం మూసే పని ఏ నెలలో మొదలుపెట్టాలి? ముందుగా మేము చేయగలిగినది ఏమైనా ఉందా?
(మొదటి ఉత్తరం రాసిన ఉపాధ్యాయురాలే)

జవాబు: కట్టుబడి పని పుష్యమాసం నుంచి చైత్రం లోపు, అంటే జనవరికీ ఏప్రిల్‌కూ మధ్య జరగాలి. అయితే గొట్టం ఎంత వెడల్పు ఉండాలో నిర్ణయించేది ఎండాకాలపు సన్నటి ధార కాదు, తుపాను వానల తర్వాతి ధార. కాబట్టి ఆ లెక్క మీరు ఇప్పటి నుంచే రాయాలి. సొరంగంలోకి పోకుండా, కొంత దిగువన నీరు దూకే చోట, పెద్దవారొకరి తోడుతో, పది లీటర్ల బకెట్టు పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 40 సెకన్లు పడితే నిమిషానికి 15 లీటర్లు, రోజుకు 21,600 లీటర్లు. వారానికొకసారి, ఒకే రోజున, తేదీ, నీటి రంగు, ముందు రోజు వాన పడిందా లేదా అన్నవి కూడా ఒక నోటుపుస్తకంలో రాయించండి. ధార మరీ పెద్దదై బకెట్టు పెట్టలేని రోజున వట్టి చేతులతో తిరిగి రాకుండా, నీటి ఎత్తు ఒడ్డు రాయి మీద ఎంత వరకు వచ్చిందో సుద్దతో గీసి, ఆ గీత ఎత్తును కొలిచి రాయండి. కార్తీకం ముగిసేసరికి ఆ పుస్తకం ఇంజినీరు చేతికి ఇవ్వండి. పని అక్కడి నుంచి మొదలవుతుంది.